పుర్రె గుర్తు వద్దని మేమే అరిచినం

మా ఊరి బస్టాండు కాడ ఉన్న కిరాణం ముందట పది నిమిషాలు నిలబడి చూడుండ్రి. ఇంటర్ చదివే పోరడు ఒకడు వస్తడు. ఇరవై రూపాయల నోటు గల్లా మీద పెట్టి ఒక వేలు చూపిస్తడు. నోరు తెరిచి అడిగే పని కూడా లేదు. దుకాణపాయన డబ్బ మూత లేపి ఒక్క సిగరెట్ తీసి చేతుల పెడతడు. డబ్బ మళ్ల బిస్కెట్ పాకిట్ల ఎన్కకు పోతది. తాడుకు కట్టిన లైటర్ బయట వేలాడుతుంటది. అంటించుకొని పోరడు గోడ మూలకు నడుస్తడు.

ఆ డబ్బ మీద 85 శాతం జాగల పుండుపడ్డ బొమ్మ ఉన్నది. పోరడు చూసిండా? చూడలే. చూసింది దుకాణపాయన ఒక్కడే. ఆయన దినాం వందసార్లు చూస్తడు. ఆయన మాత్రం తాగడు.

ఆ బొమ్మ అంత పెద్దగ రావడానికి ఈ దేశంల పదమూడేండ్లు పట్టింది. చట్టం 2003ల వచ్చింది, 85 శాతం బొమ్మ 2016ల వచ్చింది. మధ్యల నడిచిన లొల్లిల మా అసొంటి బీడీ ఊర్ల పేరు మస్తు వాడుకున్నరు. వాడుకోనిచ్చినోళ్లల్ల నేను కూడా ఒకణ్ని. ఆ ముచ్చట చెప్పాలనే ఇయ్యాల రాస్తున్న.

మా అవ్వ బీడీలు చుట్టింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల దిక్కు పుట్టినోళ్లకు నేను కొత్తగ చెప్పేది ఏం లేదు. ఒళ్లె చాట, చాటల తంబాకు, తడిపిన తునికాకు, కత్తెర, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నా ఫీజు, చెల్లె పెండ్లి, ఇంటి రేకులు అన్నీ ఆ చాటలకెల్లే వచ్చినయ్. మా బాపు తాగింది కూడా ఆ చాటలకెల్లే. దుకాణంల కట్ట కొనుడు తక్వ. అవ్వ చుట్టిన వాటిల్లకెల్లి పది తీసి చిన్న రేకు డబ్బిల పెట్టుకొని పొలం పోయేటోడు. ఇరవై అయిదు బీడీలు కట్ట కట్టి కార్ఖానకు అప్పజెప్పినంక అక్కడ కాయిదం చుడతరు, బొమ్మ అక్కడ అంటుకుంటది. అంటే చుట్టిన మా అవ్వకు బొమ్మ కనపడలే, తాగిన మా బాపుకు కూడా కనపడలే. ఇది మనసుల పెట్టుకోండ్రి, మళ్ల దీని కాడికే వస్త.

ఇగ చట్టం సంగతి. 1975ల ఒక చట్టం ఉండె, అది సిగరెట్లకే. డబ్బ పక్కపొంటి సన్నటి అక్షరాలల్ల పొగ తాగుడు ఆరోగ్యానికి హాని అని ఒక ముక్క. బీడీకి లేదు, జర్దాకు లేదు, గుట్కాకు లేదు. అంటే చదువుకున్న షావుకారు తాగేదానికి హెచ్చరిక ఉన్నది, కైకిలోడు తాగేదానికి, నమిలేదానికి లేదు. 2003ల వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం, అందరు కోట్పా అనేది, మొదటిసారి అన్నిటినీ ఒక్క తాటి మీదికి తెచ్చింది. బీడీ, చుట్ట, ఖైనీ, నశ్యం అన్నీ అండ్లకే వచ్చినయ్.

దాంట్ల సెక్షన్ 9 ఒకసారి చదవుండ్రి. డబ్బ మీద పేరు ఏ భాషల ఉంటే హెచ్చరిక ఆ భాషల ఉండాలె అంటది. ఇంగ్లీషుల పేరుంటే హెచ్చరిక ఇంగ్లీషుల రాస్తే సరిపాయె. మరి మా బాపుకు ఇంగ్లీషు కాదు, తెలుగు కూడా రాదు. వేలిముద్ర మనిషి. ఆయనకు హెచ్చరిక చెప్పాలంటే అక్షరం పనికిరాదు, బొమ్మనే కావాలె. అందుకే బొమ్మ పెద్దగ ఉండుడు అనేది డబ్బకు డిజైను ముచ్చట కాదు, చదువు రానోని హక్కు ముచ్చట. బ్యాంకుల చదివి వినిపియ్యకుంట వేలిముద్ర ఏయించుకుంటే మోసం అంటం కద. గిది కూడా అసొంటిదే.

సెక్షన్ 7ల అసలు రాసింది ఏందంటే, ప్రతి డబ్బ మీద పుర్రె, ఎముకల గుర్తు ఉండాలె అని. కరెంటు స్తంభం మీద ఉంటది చూడు, ఆ గుర్తు. చదువు రానోనికి కూడా ముట్టుకుంటే సస్తవ్ అని అర్థమయ్యే గుర్తు మన దేశంల అదొక్కటే. 2006ల రూల్స్ వచ్చినయ్. అప్పుడు షురూ అయింది లొల్లి.

నాకు అప్పుడు ఇరవై ఆరో ఇరవై ఏడో. యువజన సంఘంల తిరుగుతుంటి. కార్ఖాన కాడికెల్లి మాట వచ్చింది: పుర్రె గుర్తు వస్తే బీడీ ఎవడు కొనడు, కార్ఖానలు మూత పడతయ్, మీ అవ్వలు రోడ్డు మీద పడతరు. మేం ఒక్క ప్రశ్న అడగలే. ఈ మాట ఎవరు చెప్తున్నరు, ఎవలకు లాభం అని అడగలే. ఊరూరు తిరిగి ఆడోళ్లను ట్రాక్టర్లల్ల ఎక్కించినం. పుర్రె గుర్తు తియ్యాలె అని మైకుల అరిచినం. మా అవ్వ కూడా వచ్చింది, చెయ్యెత్తి అరిచింది. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాలల్ల ఏ పార్టీ జెండా చూసినా అదే నినాదం. అధికార పక్షం లేదు, ప్రతిపక్షం లేదు. అందరు ఒకే మాట మాట్లాడుతున్నరంటే అనుమానం రావాలె. మాకు సంబురం వచ్చింది.

ఢిల్లీల మంత్రుల బృందం కూసున్నది. దానికి పెద్ద ప్రణబ్ ముఖర్జీ. ఆయన అప్పుడు ఎంపీగ ఉన్న జంగీపూర్ కూడా మన జగిత్యాల అసొంటిదే, ఇంటింటికి బీడీలు చుట్టే ఇలాఖా. 2007ల చట్టం సవరించిన్రు. పుర్రె, ఎముకలు అనే మాట ఎగిరిపోయింది. దాని జాగల సర్కారు నిర్ణయించే బొమ్మ అని రాసిన్రు. మేం పటాకులు కాల్చినం. నిజం చెప్తున్న, పటాకులు కాల్చినం.

ఇగ ఆ సర్కారు నిర్ణయించే బొమ్మ ఎట్లుండె? 2009 మే 31న వచ్చింది. డబ్బకు ముందు దిక్కు మాత్రమే, అది కూడా 40 శాతం. నమిలేటియాటి మీద తేలు బొమ్మ. నాకు యాదికున్నది, మా దోస్తు ఒకడు ఖైనీ పుడి తిప్పి చూసి, ఇది తేలు మార్కు ఖైనీయా అని అడిగిండు. కొత్త బ్రాండు అనుకున్నడు పాపం. సిగరెట్ డబ్బ మీద ఊపిరితిత్తుల బొమ్మ నల్లగ మసక మసక. తర్వాత బొమ్మలు మార్చిన్రు. అండ్ల ఒక మసక మొకం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ టెర్రీ లెక్కనే ఉన్నదని 2012ల ప్రపంచమంత నవ్వింది. 2014ల దేశాలను వరుస పెడితే హెచ్చరిక బొమ్మ సైజుల మనది 136వ స్థానం.

2014 అక్టోబర్‌ల కేంద్ర ఆరోగ్య శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. రెండు దిక్కుల 85 శాతం: 60 శాతం బొమ్మ, 25 శాతం అక్షరం. 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు. సరిగ్గ నెల రోజులు కూడా లేవనంగ పార్లమెంటరీ కమిటీ ఒకటి ఆగుండ్రి అన్నది. దాని ఛైర్మన్ అహ్మద్‌నగర్ ఎంపీ దిలీప్ గాంధీ. పొగాకుతోని క్యాన్సర్ వస్తదని మన దేశంల చేసిన అధ్యయనం లేదు, అన్నీ బయటి దేశాలయే అన్నడు. ఆ కమిటీలనే ఇంకో సభ్యుడు అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా. ఆయనకు సొంత బీడీ కంపెనీ ఉన్నది. ఎంత తాగినా ఏ రోగం రానోళ్లను తెచ్చి చూపిస్త అన్నడు. పిల్లికి పాలకుండ కావలి పెట్టినట్టు అంటం చూడు, గిదే.

దేశంల అధ్యయనం లేదట! 2008లనే మన దేశంల పదకొండు లక్షల ఇండ్లల్ల సావుల లెక్కలు తీసి, పొగ తాగెటోళ్లను, తాగనోళ్లను పోల్చి చూసిన పెద్ద అధ్యయనం వచ్చింది. ప్రపంచమంత చదివే వైద్య పత్రికల అచ్చయింది. బీడీ తాగే మొగోనికి సగటున ఆరేండ్ల ఆయుష్షు తగ్గుతది, సిగరెట్‌కు పదేండ్లు, బీడీ తాగే ఆడిమనిషికి ఎనిమిదేండ్లు అని లెక్క తేల్చిన్రు. 2010 తర్వాతి పదేండ్లల్ల పొగతోని ఏడాదికి పది లక్షల మంది పోతరని అప్పుడే అంచనా కట్టిన్రు. ఆ సచ్చిపోయినోళ్లు బయటి దేశమోళ్లు కాదు. మన గల్లీలోళ్లే.

2015 మార్చిల సర్కారు వాయిదా ఏసింది. ఇంకో సంగతి చెప్పాలె. టీవీల, సినిమా హాల్ల పొగాకు ప్రకటనలు చూస్తం కద. పొగ మీద వచ్చే ఒక ప్రకటనల మాటను మన పోరగాళ్లు నవ్వులాటకు అనుకుంట అనుకుంట, ఆఖరికి 2018ల ‘ఈ నగరానికి ఏమైంది’ అని సినిమా పేరే అయింది. నవ్వుండ్రి, నేను కూడా నవ్విన. గాని తంబాకు నమిలి నోటి క్యాన్సర్ తెచ్చుకున్న మధ్యప్రదేశ్ ఆడబిడ్డ ఒకామె అసొంటి సర్కారు ప్రకటనల తన మొకం చూపించింది. ఇరవై ఎనిమిదేండ్లు, ఇద్దరు పిల్లలు. బొమ్మ వాయిదా పడ్డదని తెలిసి, ఇట్ల చెయ్యకుండ్రి అని ప్రధానమంత్రికి ఉత్తరం రాసింది. 2015 ఏప్రిల్ 1న చనిపోయింది. పెద్ద బొమ్మ రావాల్సిన రోజు అదే.

రాజస్థాన్ హైకోర్టు గట్టిగ పట్టుకుంటేనే సర్కారు కదిలి 2016 ఏప్రిల్ 1 అని కొత్త తారీఖు చెప్పింది. ఆ కమిటీ మాత్రం ఆఖరు దాకా 50 శాతం చాలు అన్నది. ఏప్రిల్ 1 రాంగనే పెద్ద సిగరెట్ కంపెనీలు ఫ్యాక్టరీలు బంద్ పెడుతున్నం అని ప్రకటించినయ్. మా దిక్కు బీడీ కార్ఖానలు కూడా బందయినయ్. మళ్ల అదే పాట: బొమ్మ పెద్దగైతే మీ పని పోతది. మళ్ల మా అవ్వలు తహసీల్ ఆఫీసు ముందట ఎండల కూసున్నరు. ఈసారి నేను పోలే. పోవద్దని కూడా చెప్పలే, చెప్పే ధైర్యం రాలే. పది దినాల కూలి పోయినోళ్ల ముందట నిలబడి ఏం చెప్తం?

కేసులు యాభై దిక్కుల పడ్డయ్. 2016 మేల సుప్రీంకోర్టు అన్నిటినీ కర్ణాటక హైకోర్టుకు పంపి, అప్పటిదాకా 85 శాతం పాటించుండ్రి అన్నది. 2017 డిసెంబర్ 15న కర్ణాటక హైకోర్టు ఆ రూల్స్ కొట్టేసింది. మూడు వారాలల్ల, 2018 జనవరి 8న, సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపింది. అంటే ఇయ్యాల డబ్బ మీద ఉన్న బొమ్మ ఒక స్టే ఆర్డర్ వల్ల బతికింది. 2018 సెప్టెంబర్ నుంచి బొమ్మతోపాటు మానుకునెటోళ్ల కోసం ఫోన్ నంబర్ కూడా వచ్చింది, 1800-11-2356. పైసలు పడవు. జేబుల డబ్బ ఉన్నోళ్లు ఒకసారి తిప్పి చూడుండ్రి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్త. బీడీ కార్మికుల కోసమే బొమ్మ వద్దన్నోళ్లు, బీడీ కార్మికుల కోసం ఇంకేం చేసిన్రు?

1976 నుంచి బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఉండె. బీడీల మీద సెస్సు వసూలు చేసి, దాంతోని బీడీ దవాఖానలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇండ్లకు సాయం. 2017ల జీఎస్టీ వచ్చినంక ఆ సెస్సే ఎగిరిపోయింది. దవాఖానలకు, స్కాలర్‌షిప్పులకు ఇప్పుడు బడ్జెట్‌ల ఎంత పెడితే అంతే. సెస్సు పోయిన రోజు ఏ సేటన్నా కార్ఖాన బంద్ పెట్టి, మా ఆడోళ్ల నిధి ఏదీ అని అడిగిండా? ఏ ట్రాక్టరన్నా కదిలిందా? బొమ్మ నాలుగు వేళ్లు పెరిగితే దేశం అల్లకల్లోలం అయింది. పిల్లల స్కాలర్‌షిప్పుకు పునాది పోతే ఒక్క నినాదం రాలే. నాకు కండ్లు తెరిపిడి పడ్డది గక్కడ్నే.

2025 సెప్టెంబర్‌ల జీఎస్టీ కౌన్సిల్ బీడీ మీద పన్ను 28 శాతం నుంచి 18కి, బీడీ ఆకు మీద 18 నుంచి 5కి దించుదామని నిర్ణయం చేసింది. మళ్ల మన పేరు మీదనే. మంచిదే అనుకుందాం. ఆ పది శాతంల మా వదిన చాటలకు ఎన్ని పైసలు రాలినయ్? మీ ఇండ్లల్ల అడిగి చూడుండ్రి. తెలంగాణ సర్కారు బీడీ పింఛన్ ఇస్తున్నది, మొదలు వెయ్యి, 2019 నుంచి 2016 రూపాయలు. మంచి పని, మా అవ్వకు వస్తది. గాని 2014 ఫిబ్రవరి 28 లోపు పీఎఫ్ ఉన్నోళ్లకే అన్నరు. మా వదినకు రాదు. ఆమె కూడా అదే చాట, అదే తంబాకు, అదే దగ్గు.

పని తగ్గుడు కూడా బొమ్మ వచ్చినంక షురూ కాలే. మా దగ్గర నెలకు ఇరవై ఐదు దినాలు దొరికే పని పన్నెండు దినాలకు పడ్డది ఎప్పటిసందో. పోరగాళ్లు బీడీ ముట్టరు, నామోషి. సిగరెట్‌కు పోయిన్రు, లేకుంటే పుడీలకు పోయిన్రు. బీడీ తాగే మా బాపు తరం ఒక్కొక్కరే కాటికి పోతున్నరు. కార్ఖానను మింగేది బొమ్మ కాదు, ఇది. ప్రపంచ పొగాకు ఒప్పందం మీద మన దేశం 2004ల సంతకం పక్కా చేసింది. దాని 17వ ఆర్టికల్ల పొగాకు కూలీలకు, రైతులకు వేరే బతుకుదెరువు చూపియ్యాలె అని ఉన్నది. ప్రకాశం, గుంటూరు దిక్కు పొగాకు రైతుకు కూడా ఇదే వర్తిస్తది. 11వ ఆర్టికల్ బొమ్మది, 17వ ఆర్టికల్ బతుకుది. బొమ్మ మీద పదమూడేండ్లు కొట్లాడినం. బతుకు ఆర్టికల్ ఒకటున్నదని నాకు నలభై దాటినంక తెలిసింది. ఏ నాయకుడు చెప్పలే, నేనే చదువుకుంట పోతే దొరికింది.

సరే, బొమ్మ గెలిచింది అనుకుందాం. 136 నుంచి 2016ల మూడో స్థానానికి వచ్చినం. గెలిచిన బొమ్మ ఎవలకు కనపడుతున్నది?

2016-17ల కేంద్రం చేయించిన పెద్దల పొగాకు సర్వేల రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. సిగరెట్ తాగెటోళ్లల్ల 61.9 శాతం మంది ఆ బొమ్మ చూసి మానేద్దామా అని ఆలోచన చేసిన్రు. బీడీకి 53.8, నమిలేటోళ్లల్ల 46.2. అంటే బొమ్మ పని చేస్తది. పదిమందిల ఆరుగురి మనసుల గుచ్చుకున్నదంటే మాటలు కాదు. ఇగ రెండో లెక్క: సిగరెట్ తాగెటోళ్లల్ల 68 శాతం మంది కొనేది ఖుల్లాగ, ఒక్కటొక్కటిగ. నమిలేటోళ్లల్ల సగం మంది కూడా అంతే. బీడీల 17 శాతం.

అర్థమైందా? బొమ్మ కోసం పదమూడేండ్లు కోర్టుల చుట్టు తిరిగినం. ఒక్క సిగరెట్ చేతుల పెట్టి దుకాణంల రెండు సెకండ్లల్ల ఆ బొమ్మను మాయం చేస్తున్నరు. చట్టం సెక్షన్ 8 అంటది, డబ్బ తెరవక ముందే కొనెటోనికి హెచ్చరిక కనపడాలె అని. లూజ్ అమ్మితే కొనెటోడు డబ్బ ముట్టడు కూడా. మాట ప్రకారం చూస్తే ఇది చట్టం ఉసురు తీసుడే. గాని లూజ్ అమ్ముడు నేరం అని కోట్పాల ఎక్కడా సాఫ్‌గ రాయలే. 2020 డిసెంబర్ ఆఖరున కేంద్రం ఒక సవరణ ముసాయిదా బయట పెట్టింది. లూజ్ అమ్మకం బంద్, 18 ఏండ్ల వయసు 21 చేస్తం అన్నది. ఏండ్లు గడిచినయ్, ముసాయిదా ముసాయిదా లెక్కనే ఉన్నది.

పక్కోళ్లు ఎదురుచూడలే. మహారాష్ట్ర 2020 సెప్టెంబర్‌ల లూజ్ సిగరెట్, బీడీ అమ్మకం బంద్ చేసింది. కర్ణాటక 2025ల సొంతంగ సవరణ చట్టం తెచ్చుకొని వయసు 21 చేసింది, బయట తాగితే జరిమానా 200 నుంచి 1000 చేసింది, ఒక్కటొక్కటి అమ్ముడు కూడా వద్దన్నది. ధర్మాబాద్ మన బాసరకు ఎంత దూరం? హద్దు దాటితే మహారాష్ట్ర. ఆ దిక్కు ఒక చట్టం, ఈ దిక్కు ఒక చట్టం. మన దిక్కు ఎందుకు చెయ్యరు అని ఏ ఎమ్మెల్యేను ఎవడు అడగలే. నేను కూడా ఇప్పుడిప్పుడే అడుగుతున్న.

దీనికి అడ్డం మాట ఒకటి ఉన్నది, అది చిన్నది కాదు. మా ఊరి దుకాణపాయన నన్నే అడిగిండు: అన్నా, గుట్కా బంద్ అన్నరు, బందయిందా? నిజమే. గుట్కాను ఏడాదికోసారి నోటిఫికేషన్ తీసి నిషేధిస్తరు, 2024 మేల కూడా తీసిన్రు. కంపెనీలు పాన్ మసాలా ఒక పుడీల, జర్దా ఇంకో పుడీల అమ్ముతయ్. దుకాణంల రెండూ కలిపి ఇస్తరు, నోట్లె కలుస్తయ్. దొంగతనంగ వచ్చేది వేరే రేటు. మన తమ్ముండ్లు ఆ పుడిని పంటితోని చింపుతరు చూడు, చింపేది సరిగ్గ ఆ నోటి పుండు బొమ్మ మీదనే. అంటే బంద్ అని కాయిదం మీద రాస్తే పని కాదని నాకూ తెలుసు. రేపు లూజ్ బంద్ అంటే ఎస్సై వచ్చి ముసలవ్వ డబ్బా కొట్టుకు ఫైన్ ఏసి, బస్టాండు షావుకారును వదిలేస్తడేమో అనే భయం కూడా ఉన్నది. అదీ నిజమే.

గాని ఇప్పుడున్న శిక్షల లెక్క చూడుండ్రి. హెచ్చరిక లేకుంట సరుకు తయారు చేసిన కంపెనీకి మొదటిసారి రెండేండ్ల జైలు, లేకుంటే 5000 రూపాయల జరిమానా. ఐదు వేలు! కోట్ల సరుకు తోలే కంపెనీకి అది చాయ్ ఖర్చు. అమ్మిన చిన్న దుకాణానికి ఏడాది జైలు లేకుంటే వెయ్యి. లూజ్ మీద చట్టం తెస్తే ముందుగాల కంపెనీ మెడకు కట్టాలె. ఖుల్లాగ పోయే సరుకు ఎంతో ఏ కంపెనీకి తెల్వదు చెప్పుండ్రి? లైటర్‌కు తాడు కట్టుకోను ఇచ్చింది ఎవరు? దుకాణం మీద రంగుల బోర్డు పెట్టిపోయింది ఎవరు?

ఇంకోటి, పైసలు లేనోడు ఒక్కటి కొనుక్కుంటే తప్పేంది, మొత్తం డబ్బ కొనుమంటే పేదోని మీద భారం కాదా అని మా సంఘపోళ్లే కొందరు అంటరు. ఈ మాట నాకు మింగుడు పడదు. ఇరవై రూపాయలకు ఒకటి దొరుకుడు వల్లనే కద పదహారేండ్ల పోరనికి మొదటి సిగరెట్ చేతికి వస్తున్నది. మొదటి రోజే డబ్బ మొత్తం ఎవడు కొనడు. బడికి వంద గజాల లోపల అమ్మొద్దు, 18 లోపోళ్లకు అమ్మొద్దు అని చట్టంల ఇప్పటికే ఉన్నది. మీ ఊరి బడి గేటు కాడికెల్లి వంద గజాలు కొలవండ్రి. టేపు అక్కెర లేదు, అడుగులు చాలు. ఎన్ని దుకాణాలు తేల్తయో చూసి, ఫోటో తీసి గ్రామసభల పెట్టుండ్రి. పంచాయతీ తీర్మానం చట్టం కాదు, నాకు తెలుసు. గాని సర్పంచ్ సంతకం ఉన్న కాయిదం ఎమ్మెల్యే టేబుల్ మీద పడితే, ఊకె అరిచినదానికంటే బరువుంటది. అరుపుల సంగతి నాకంటే ఎక్వ ఎవలకు తెలుసు.

ఆ తీర్మానంల లూజ్ అమ్మకం ఒక్కటే రాయకుండ్రి. బీడీ చుట్టే ఆడోళ్లకు 2014 తారీఖు ఎత్తేసి పింఛన్, పోయిన సెస్సు జాగల నిధి, కుట్టు మిషనో, ఇంకోటో, నెల తిరిగే కూలి వచ్చే పని — ఇవి కూడా రాయుండ్రి. రెండూ ఒక్క కాయిదంల లేకుంటే మళ్ల ఎవడో ఒకడు ట్రాక్టర్ తోల్కొని వస్తడు. మా అవ్వలు మళ్ల ఎక్కుతరు. వాళ్ల తప్పు కాదు.

మా బాపు సంగతి చెప్పి ఆపేస్త. అవ్వకు నడుము పోయి చాట బంద్ పెట్టినంక, 2017ల, బాపు దుకాణంల కట్టలు కొనుడు షురూ జేసిండు. అప్పుడు మొదటిసారి ఆ బొమ్మ ఆయన చేతికి వచ్చింది. కట్ట తిప్పి తిప్పి చూసి, గిదెవని గొంతురా అని అడిగిండు. నాకేం చెప్పాలో తెల్వలే. బీడీ తాగినోనిది అన్న. మూడు దినాలు తాగలే. నాలుగో దినం కట్ట మీది కాయిదం చింపి పొయ్యిల ఏసి, బీడీలు రేకు డబ్బిల పెట్టుకున్నడు. అప్పటికే దమ్ము బాగ ఉండె. 2019ల పోయిండు. పదేండ్ల ముందుగాల ఆ మూడు దినాలు వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెల్వదు. 2007ల నేను పట్టుకున్న మైకు మాత్రం యాదికి వస్తది.

మొన్న ఇంటికి పోయినప్పుడు ఒక కట్ట కాయిదం సాపు చేసి అవ్వ ముందట పెట్టిన. కండ్లద్దాలు పెట్టుకొని చాన సేపు చూసింది. ఏమనలే. వదిన చాట పక్కకు జరిపి, కాయిదం అందుకొని చూసింది.

“గిది మా కట్టలకే సుడతరా? తంబాకు సంచి మీద ఏ బొమ్మ లేదు కద” అన్నది.

తంబాకు అంటిన వేళ్లు చీర కొంగుకు తుడుచుకొని, చాట మళ్ల ఒళ్లెకు తీసుకున్నది. ఆ దినం లెక్కకు ఇంకా నాలుగు వందల బీడీలు తక్వ ఉన్నయ్.